సముద్రతీర బాలవిహారములు: వాని పూర్వోత్తరములు

ఇటలీ దేశపు తూర్పుతీరమున రిమిని యను పట్టణము కలదు. దానికి చేరువను మిరమారె యనుచోట, ఇసుకపై లంగరు దించిన యోడవలె నొక పెద్దభవనము నిలిచియున్నది. నొవారా సముద్రమునకు దూరమైన యూరు. ఆ మండలపు పిల్లలు వేసవియందు వచ్చి, కొన్ని వారములు సముద్రపుగాలి పీల్చి, స్నానములు చేసి, ఒడలికి కొంత పుష్టి తెచ్చుకొని యిండ్లకు పోవలెనని 1934వ సంవత్సరమున దీనిని కట్టిరి. కొన్ని దశాబ్దములుగా ఆ భవనమున పిల్లల సవ్వడి లేదు. ఇట్టి భవనములు ఆ తీరమునను, ఆ దేశపు పడమటితీరమునను పదులకొలది కలవు. ఆ దేశస్థులు వీనిని 'కొలోనియా' లందురు. ఆ మాటకు మనభాషలో వాడుకపడిన పేరు లేదు గావున నేను బాలవిహారములని వ్యవహరించెదను. వీనిలో కొన్ని హోటళ్లయినవి. కొన్ని కలవారి నివాసములయినవి. ఒకటి చేపల ప్రదర్శనశాల యయినది. కొన్ని పిచ్చిచెట్లు మొలచి పాడుపడినవి. వీనినేమి చేయవలెను? కూలద్రోయవలెనా? అమ్మవలెనా? నిలుపవలెనా? నిలిపినచో నెవరి కొఱకు? ఈ ప్రశ్న ఆ దేశమున సుమారు నలువది యేండ్లుగా చర్చకు వచ్చుచునే యున్నది.

ఆదిలాబాదు మండలమున ఇచ్చోడలో బడిపంతులుగా నున్నవానికి ఈ గొడవ యేలయని చదువరులడుగవచ్చును. మాకు సముద్రము లేదు. తెలంగాణమునకే లేదు. నా తరగతిలోని గోండు, కొలాము, లంబాడా పిల్లలలో సముద్రమును కన్నులార చూచినవారు లేరు. కడెము జలాశయమే వారెఱిగిన మహాజలము. అవతలి యొడ్డు కనబడని నీరుండునా యని వారు సందేహింతురు. పంతులు సముద్రవర్ణన పద్యములెన్ని చదివి తాత్పర్యము చెప్పినను ఆ సందేహము తీరదు. ఇంకొక కారణమును కలదు. పిల్లలకొఱకు కట్టిన యిల్లు పిల్లలు లేక తాళము పడియుండుట మా ప్రాంతమునకు క్రొత్త సంగతి కాదు. ఎవరును చేరక మూతపడిన సర్కారు బడులు తెలంగాణపు పల్లెలలో నెన్నియో కలవు. కాబట్టి దూరదేశపు కథయైనను, ఇది మనము వినదగిన కథయే.

ఈ విహారములు విలాసముకొఱకు పుట్టినవి కావు, రోగమునుండి పుట్టినవి. మన వైద్యగ్రంథములు గండమాల యనియు, అపచి యనియు వర్ణించిన వ్యాధి యూరోపుఖండమున స్క్రోఫులా యను పేర బీదపిల్లలను పట్టి పీడించెను. మెడలోని గ్రంథులు వాచి, చీముపట్టి పగులును. మానినను వికారమగు మచ్చలను మిగుల్చును. రాజు చేతితో తాకినచో నిది నయమగునని ఇంగ్లండు ప్రజలు చిరకాలము నమ్మిరి. 1712లో ఆన్ రాణి తాకిన పిల్లలలో, తరువాత నిఘంటుకర్తగా ప్రసిద్ధుడైన సామ్యూల్ జాన్సను ఒకడు. అప్పటి కాతడు పసివాడు. రాణి తాకినది గాని, జాన్సను మచ్చలు మాత్రము జీవితాంతము పోలేదు.

రాజహస్తముమీది నమ్మకము సడలినకొలది సముద్రజలముమీది నమ్మకము బలపడెను. రిచర్డు రస్సెలు అను వైద్యుడు గ్రంథిరోగములకు సముద్రజలము మందని 1750లో లాటిను భాషలో నొక గ్రంథము ప్రకటించెను. చేపలు పట్టువారి పల్లెగానుండిన బ్రైటను వేడుకపట్టణమగుటకు ఆ గ్రంథమొక కారణము. ధనికులు సముద్రమునకు పోయిరి, బీదలు పోలేకపోయిరి. 1791లో మార్గేటు అనుచోట లండను బీదరోగులకై సముద్రస్నానవైద్యశాలను స్థాపించినది ఈ లోటును తీర్చుటకే. ఇటలీయందు ఇట్టి పనికి పూనుకొన్నవాడు ఫ్లారెన్సు వైద్యుడగు జుసెప్పె బరెల్లాయి. ఆస్పత్రిలో గండమాలతో కృశించు పిల్లలను చూచి యోర్వలేక, ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చి, చందాలు పోగుచేసి, 1856లో వియారెజ్జియో తీరమునకు పిల్లలను పంప మొదలిడెను. తొలియేట పోయినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. ఆతడు 1884లో మరణించునాటికి ఇటలీతీరమున పలుచోట్ల ఇట్టి ఆశ్రయములు లేచినవి. ఫ్రాంసుదేశమునను 1861లో బెర్కు తీరమున పారిసు బీదపిల్లలకు వైద్యశాల వెలసినది.

ఇది రోగుల సంగతి. రోగులు గాని బలహీనుల సంగతి వేఱొకచోట మొదలాయెను. స్విట్జర్లండునందు జూరికు పట్టణపు మతగురువు వాల్టర్ బియోను 1876వ సంవత్సరపు వేసవి సెలవులలో 68 మంది బీదపిల్లలను అప్పెంజెల్ కొండసీమకు తీసికొనిపోయెను. సెలవులనగా కలవారి పిల్లలకు విశ్రాంతి. బీదల పిల్లలకు వీధి. ఆ వీధినుండి వారిని కొన్నిదినములు తప్పించుటయే ఆతని యుద్దేశము. బరెల్లాయి ఆశ్రయమును, బియోను సెలవుయాత్రయు కాలక్రమమున కలిసిపోగా బాలవిహారమేర్పడెను.

సముద్రజలమునకు నిజముగా గండమాలను మాన్పు శక్తి కలదా? 1882లో కోఖు క్షయక్రిమిని కనుగొనిన పిమ్మట, గండమాలయు క్షయయొక్క రూపభేదమేయని స్థిరపడెను. పలువురు పిల్లలకది క్షయసోకిన యావుల పచ్చిపాలవలన వచ్చుచుండెను. ఉప్పునీట మునిగిన మాత్రమున ఆ క్రిమి చావదు. అయినను తీరమునకు పోయిన పిల్లలు పలువురు బరువు పెరిగి, రంగు తేఱి తిరిగివచ్చిరనుటయు అబద్ధము కాదు. చీకటిగదుల యిరుకునుండి తప్పుకొనుట, వేళకు కడుపునిండ తిండి, ఎండ, నిద్ర - ఇవి పనిచేసినవి. ఎండలోని యొక కిరణవిశేషము రికెట్సు రోగమును మాన్పునని 1919లో బెర్లిను వైద్యుడు హుల్డ్‌షిన్స్కి నిరూపించెను. మందు సముద్రములో కంటె వంటయింటి గిన్నెలోనే యెక్కువగా నుండెనని నా తలంపు. కాని గిన్నెకొఱకు చందా యడిగిన నిచ్చువారు తక్కువ; సముద్రమనిన దాతల చేయి విప్పుకొనును.

1922లో ముస్సోలినీ అధికారమునకు రాగా ఈ ధర్మకార్యము రాజ్యకార్యమాయెను. 1925లో మాతాశిశుసంరక్షణకొక జాతీయసంస్థయు, 1926లో బాలిల్లా యను బాలదళసంస్థయు ఏర్పడెను. వైద్యుల చేతనుండిన విహారములు క్రమముగా కక్షివారి చేతిలోనికి పోయెను. 1939 నాటికి తీరములందును కొండలందును గల ఇట్టి విహారములకు ఏడాదికి సుమారు 8 లక్షలమంది పిల్లలు పోవుచుండిరి. పెద్దకంపెనీలు తమ పనివాండ్ర పిల్లలకై పోటీలుపడి కట్టినవి: ఫియట్ కంపెనీ 1933లో మారినా ది మాస్సాయందు ఒక గోపురమును, మోంతెకాతినీ రసాయనకంపెనీ చెర్వియాయందు ఒక భవనమును, ఆజిప్ నూనెకంపెనీ చెజెనాతికోయందు ఇంకొక భవనమును నిర్మించెను. ఫియట్ గోపురములో మెట్లకు బదులు పాముచుట్టవలె పైకిపోవు వాలుదారి కలదు. ఆ దారిపొడవుననే పిల్లల మంచములు పఱచిరి. 1934లో కత్తోలికాయందు, పరదేశములలో నివసించు ఇటలీవారి పిల్లలకొఱకు క్లెమెంతె బుసిరి వీచి యను శిల్పి కట్టిన విహారము ఓడల సముదాయమువలె నుండును. ఆ పిల్లలు తిరిగి పోయి తమ తండ్రుల దేశమెంత గొప్పదో చెప్పవలెనని కదా ఆ హంగంతయు!

లోపలి దినచర్యను గూర్చి యొకమాట చెప్పవలెను. ఒకే రీతి దుస్తులు. ఉదయమున జెండావందనము, నాయకునికి జేజేలు. వరుసగా నడక, వరుసగా భోజనము. ఎండ కాచుకొనుటయు కొలతప్రకారమే. ఈలవేయగా నీటిలో దిగుట, మరల ఈలవేయగా వెలికివచ్చుట. రాత్రి పొడుగాటి హాలులో పదులకొలది యినుపమంచములు. ఆ పిల్లలు ముసలివారై చెప్పుకొనిన జ్ఞాపకములు రెండు తెఱగుల వినబడుచున్నవి. మొదటిసారి సముద్రమును చూచిన యబ్బురమును, కడుపునిండ తిన్న తిండిని తలచుకొని కన్నులు మెఱయించువారు కొందఱు. అమ్మకొఱకు దుప్పటిలో ముఖము దాచుకొని యేడ్చినది తలచుకొనువారు మఱికొందఱు. ఈ రెండును ఒక్కనోటనే వినబడుటయు కలదు. వసతిగృహములలో పిల్లలను చూచుచుండు మాబోటి యుపాధ్యాయులకు ఇందు వింతయేమియు లేదు.

అందుచేత, ఈ భవనములు దుష్టపాలన చిహ్నములు గనుక నేలమట్టము చేయవలయుననువారి వాదము నాకు సమ్మతము కాదు. అవి నవీనశిల్పమునకు రత్నములు గనుక రాయి కదల్చరాదనువారి వాదము అంతకంటెను సమ్మతము కాదు. మొదటివారు నియంతను తలచి పిల్లలను మఱచుచున్నారు. రెండవవారు శిల్పిని తలచి పిల్లలను మఱచుచున్నారు. ఇటుకమీద జెండా యెవరిదైనను, దానికైన ధనము ప్రజలది, కార్మికులది. బరెల్లాయి కాలమునుండి చందాలిచ్చిన సామాన్యులది. బీదపిల్లవానికి సముద్రతీరమున కొన్నిదినముల పాలు కలదని మొదట చెప్పినవాడు వైద్యుడే గాని నియంత కాడు. నియంత ఆ పాలును తన దానముగా చూపుకొనెను, అంతియే. ఈ భవనముల భవిష్యత్తును విచారించునప్పుడు ఆ పాలు ఏమాయెనని యడుగవలెనని నేననుచున్నాను.

యుద్ధకాలమున పలు విహారములు సైన్యములకు విడుదులైనవి. చెర్వియాలో మోంతెకాతినీవారి గోపురము నాశమాయెను. అచ్చటనే వరేసె మండలము వారు మారియో లొరేతి యను శిల్పిచేత కట్టించిన విహారములో కొంతభాగమును జర్మనుసేనలు వెనుదిరిగిపోవుచు పేల్చివైచినవి. పిమ్మట అది యెన్నడును మునుపటివలె బాగుపడలేదు. 1983లో వెలువడిన 'జెదెర్' అను దయ్యముల చలనచిత్రమునకు రంగస్థలమాయెను. పిల్లలు పరుగులిడుటకై కట్టిన వాలుదారులు దయ్యములకు నప్పినవన్నమాట! మిగిలిన విహారములు యుద్ధానంతరము చర్చి సంస్థల చేతను, కంపెనీల చేతను, పురపాలకసంఘముల చేతను ఇంకొక పాతికేండ్లు నడచినవి. ఇటలీ పిల్లలలో ఎక్కువమంది వీనికి పోయినది ఈ కాలముననే యని చెప్పవచ్చును. కాని శిల్పగ్రంథములు ఈ కాలమును తడవవు.

తరువాత నవి యేల శూన్యమైనవి? మొదటి కారణము శుభవార్తయే. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను; పాలను కాచి శుద్ధిచేసి యమ్ముట ఆచారమాయెను. మన దేశమునుండి పోయిన మాటయు ఇందొకటి కలదు. 1956లో మదరాసునందు స్థాపింపబడిన క్షయచికిత్సాపరిశోధనకేంద్రమువారు, ఇరుకిండ్లలో చాలీచాలని తిండితో నుండు రోగులలో కొందఱికి ఇంటియొద్దను, కొందఱికి శానటోరియములోను ఒకే మందులిచ్చి చూచిరి. ఇంట నున్నవారును దాదాపు సమానముగా కోలుకొనిరి. వారి యింటిలోనివారికి రోగము సోకుట యధికము కాలేదు. 1959లో ప్రకటితమైన ఈ ఫలితము లోకమందలి శానటోరియముల పునాదిని కదల్చెను. గాలి మార్పుకొఱకు బిడ్డను తల్లినుండి వేఱుచేయవలసిన యగత్యము లేకపోయెను.

రెండవ కారణము సంపద. 1950 తరువాత ఇటలీ కుటుంబములకు చిన్నకార్లు వచ్చినవి, జీతముతోడి సెలవులు వచ్చినవి. తల్లిదండ్రులే బిడ్డలను వెంటబెట్టుకొని తీరమునకు పోసాగిరి. పిల్లలే తక్కువైరి. మూడవది పరిపాలన. 1975లో మాతాశిశుసంస్థ రద్దాయెను. 1977 నాటి శాసనముతో ఇట్టి సంస్థల పనులు ప్రాంతీయప్రభుత్వములకు సంక్రమించెను. ఒకచోట పట్టా, ఒకచోట తాళపుచెవి, ఇంకొకచోట బాధ్యత! మన రెవెన్యూ కచేరీల వ్యవహారమెఱిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు.

ఇంతలో సముద్రము తన పని తాను చేసికొనుచుండెను. ఈ భవనములు ఇనుపకడ్డీలతోడి కాంక్రీటు కట్టడములు. ఉప్పుగాలిలోని క్లోరైడు సన్ననిబీటలగుండ లోనికి పోయి కడ్డీని త్రుప్పు పట్టించును. త్రుప్పు ఇనుముకంటె నెక్కువచోటు కోరును; ఉబ్బి పైనున్న కాంక్రీటును పెటిల్లున పగులగొట్టును; పగిలినచోట ఉప్పుగాలి మఱింత చొరబడును. ఏటేట చూచుకొనువారున్నచో నిది పెద్ద యాపద కాదు. పదియేండ్లు తాళము వేసినచో కోట్ల ధనము కావలెను. అదియును గాక, వేసవికొఱకే కట్టినవి గనుక పలుభవనములకు చలికాలపు వేడియేర్పాటు లేదు. నూర్గురు పండుకొను హాళ్లే గాని గదులు లేవు. హాలును గదులుగా విడగొట్టినచో శిల్పము చెడును. విడగొట్టకున్నచో నెవరును బాడుగకు దిగరు. కొనుగోలుదారులు తటపటాయించుటకును, పురపాలకసంఘములు చేతులెత్తుటకును ఇదియే మూలము.

కొన్నిటి గతిని చూతము. కత్తోలికా ఓడలు చేపల ప్రదర్శనశాలగా మాఱినవి. పరదేశపు ఇటలీపిల్లలు ఆటలాడిన తావున నేడు సొరచేపలీదుచున్నవి. దీనిని చూచి నవ్వుకొనవచ్చును గాని, నా దృష్టిలో నిది మంచిగతులలో నొకటి. టిక్కెట్టు కొనవలసినను తలుపు తెఱచియున్నది. బడిపిల్లలు వరుసలు కట్టి వచ్చుచున్నారు. జెనోవా చేరువ కియావరియందు 1935లో కట్టిన ఫారా విహారమునకు కథ వేఱు. ఎత్తైన యా గోపురము ఇల్లులేనివారికి కొంతకాలము తలదాచుకొనుచోటై, పిమ్మట చిరకాలము శూన్యమై, తుదకు ప్రైవేటువారికి విక్రయింపబడి, సముద్రదర్శనముగల విలువైన నివాసములుగా తీరెను. గోడలు బాగుపడినవి, సున్నము మెఱయుచున్నది; దానిని కట్టినది యెవరికొఱకో వారి మనుమలు అందు అడుగిడుటకు మాత్రము వీలులేదు. పీసా చేరువ కాలంబ్రోనెయందలి విహారములలో పెక్కింటికి ఇంచుమించు నీ గతియే పట్టెను. అచ్చట ఆంజొలో మజ్జోని యను శిల్పి రైల్వే తపాలా ఉద్యోగుల పిల్లలకై కట్టిన విహారమునకు ముస్సోలినీ తల్లి పేరు పెట్టిరి. పేరు పోయినది, మేలాయెను. ఉద్యోగుల పిల్లలును పోయిరి.

జర్మనీయందు రూగెన్ దీవిలోని ప్రోరాను గూర్చియు చెప్పవలెను. అది పిల్లలకు గాక కార్మికులకు ఉద్దేశింపబడినది. 1936లో మొదలిడి 1939లో యుద్ధమువలన ఆపివేసిరి. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల పొడవున 20,000 మందికి వసతిగా తలపెట్టిన యా కట్టడమున ఒక్క సెలవుచుట్టమును దిగలేదు. ఇటీవల దానిని ముక్కలు ముక్కలుగా అమ్మి ఫ్లాట్లు చేసిరి. కాని ఒక ముక్కను 2011లో యువజనవసతిగృహముగా తెఱచిరి. తక్కువ వెలకు పడక దొరకును, కిటికీ తీసిన సముద్రమే. పక్కపక్కనే, ఒకే గోడవరుసలో, ఒక తలుపు ధనమునకు తెఱచుకొనును, ఇంకొకటి బాల్యమునకు తెఱచుకొనును. ఇటలీవారు చిరకాలముగా వెదకుచున్న సమాధానము ఆ రెండవ తలుపులో కలదని నాకు తోచుచున్నది. అమ్మక తప్పదందురా, అమ్ముడు. మరమ్మతుకు ధనము కావలెను గదా! కాని ప్రతి యమ్మకపు పత్రములోను ఇన్ని పడకలు, ఏటికి ఇన్ని వారములు, సముద్రము లేని మండలముల బడిపిల్లలకు విడువవలెనని యొక పంక్తి వ్రాయించుకొనుట అసాధ్యమా? తోటలోని చెట్లు నఱకరాదని వ్రాయుదురే, ముఖభాగము మార్పరాదని వ్రాయుదురే!

మనవైపు చూపు త్రిప్పుదము. మన తెలుగుతీరమున ఇటువంటి బాలవిహారముల వరుస యెన్నడును లేదు. కాని ఒక పనికై కట్టిన యిల్లు ఆ పని తగ్గగా నేమగునను దానికి మనకును నిదర్శనములు కలవు. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమునందు 1915లో క్షయరోగులకై శానటోరియము తెఱచిరి. దానిని పెంచినవాడు ఫ్రిమోట్ మోలర్ అను డేన్మార్కు వైద్యుడు. మదరాసు పరిశోధన తరువాత శానటోరియములకు కాలము చెల్లెను. ఆరోగ్యవరము మాత్రము సామాన్యవైద్యశాలగా మాఱి నిలిచెను. రోగము మాఱినది గాని రోగి ప్రవేశించు ద్వారము మూతపడలేదు.

తీరమున ఇంతకంటె దగ్గఱి నిదర్శనము తుపాను ఆశ్రయభవనములు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొనిన పిమ్మట, కృష్ణాగుంటూరు మొదలగు మండలముల తీరగ్రామములలో ఎత్తైన స్తంభములమీద గట్టి కాంక్రీటు భవనములు లేచినవి. ఉప్పెన ఏటేట రాదు. ఏటికొకమాఱైన తెఱువని యింటిని ఆపద్దినమున తెఱవబోవ తాళపుచెవి దొరకదు, పైకప్పు ఊడిపడును. అందుచేత పలుచోట్ల వీనిలో బడులు నడపిరి. పిల్లలు నిత్యము త్రొక్కు నేల బూజు పట్టదు. కిటికీ విఱిగిన ఆ దినముననే తెలియును. బడి నడచినచోట భవనము నిలిచినది. ఎవరికిని నిత్యావసరము గాక విడువబడినవి కొన్ని ఉప్పుగాలికి కడ్డీలు బయటపడి, ఇటలీ విహారములవలెనే పెచ్చులూడి కూలుచున్నవి. మిరమారె ఓడకును మన తుపాను ఆశ్రయమునకును శత్రువొక్కటే, రక్షకుడును ఒక్కడే. శత్రువు ఉప్పు; రక్షకుడు దినదినము వచ్చిపోవు పిల్లవాడు.

భవనములు లేకుండ సెలవుశిబిరములు నడపవచ్చునని మన తెలుగుమహిళయే పూర్వము ఆలోచించినది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘికసంక్షేమమండలికి ప్రథమాధ్యక్షురాలు దుర్గాబాయి దేశముఖ్, రాజమహేంద్రవరమున పుట్టినయామె. ఆ మండలి బీదకుటుంబముల పిల్లలను కొండలకో సముద్రతీరమునకో తీసికొనిపోవు శిబిరములకై స్వచ్ఛందసంఘములకు సహాయధనమిచ్చు పద్ధతినొకదానిని నడపెను. గోపురములు కట్టలేదు, శిల్పులను పిలువలేదు. ఉన్న బడిలోనో సత్రములోనో దిగి, వండుకొని, చూచి తిరిగివచ్చుట. దీనిని గూర్చి శిల్పచరిత్రకారులు ఒక పుటయైనను వ్రాయరు. ఏలయన శిథిలమగుటకేమియు మిగులలేదు.

మా మండలమునకును ఇట్టి సరళమార్గము క్రొత్త గాదు. 1940లో కొమరం భీము మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులు తెలిసికొనదలచినప్పుడు హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ యడవులకు వచ్చెను. ఆతని సలహామీద 1943లో మార్లవాయిలో గోండులనే యుపాధ్యాయులుగా తీర్చు శిక్షణకేంద్రము మొదలాయెను. గోండిభాషలో నాగరిలిపిని వాచకములు అచ్చయినవి. పిల్లను దూరపు మేడకు లాగుకొనిపోవక, బడినే పిల్లయున్న గూడెమునకు తెచ్చుట ఆ పద్ధతి ప్రాణము. ఆతని భార్య బెట్టీ సమాధి ఇప్పటికిని మార్లవాయిలో నున్నది. అటుపిమ్మట వచ్చిన ఆశ్రమపాఠశాలల మేలును నేను తక్కువ చేయను. అవి లేనిచో నా విద్యార్థులలో ననేకులకు చదువే లేదు. కాని ఇటలీ విహారముల పొడుగాటి హాళ్లను గూర్చి చదివినప్పుడెల్ల నాకు మా వసతిగృహపు రాత్రులు తలపునకు వచ్చును. పిల్లవానిని ఇంటినుండి కొన్నిదినములు తీసికొనిపోవుట వేఱు, ఇంటినుండి తీసివేయుట వేఱు. సముద్రయాత్ర మొదటిదిగానే యుండవలెను: అయిదాఱుదినములు, తెలిసిన పంతులు వెంట, తెలిసినభాష మాటలాడు తోడివారితో.

ఇది చేయుటకు మనకు క్రొత్తభవన మొక్కటియు నక్కరలేదు. సంక్రాంతి సెలవులలో తీరగ్రామముల బడులు ఖాళీగానుండును. తుపానుల కాలమప్పటికి దాటిపోవును, ఎండ బాధింపదు, సముద్రము కొంత నెమ్మదించియుండును. మచిలీపట్టణముకడ మంగినపూడియో, బాపట్లకడ సూర్యలంకయో చాలును. ఒక్కొక్క బడినుండి ముప్పదిమంది. ఇద్దఱు ఉపాధ్యాయులు, వారిలో నొకరు తప్పక ఉపాధ్యాయిని. తీరమున ఆ నీటి పోకడ లెఱిగిన గజఈతగాండ్రు ఇద్దఱు. వీరు లేనిచో పోనేకూడదు. ఆ తీరములయందు ఏటేట యువకులు మునిగి చచ్చుచున్నారు. మోకాలిలోతు దాటి యెవరును పోరాదు. జేజేలు, వరుసనడకలు వలదు గాని, నీటియొద్ద ఈల మాత్రము ఉండవలసినదే. వంట ఆ యూరి బడియన్నము వండు స్త్రీలకే అప్పగించి కూలి యిచ్చినచో వారికిని లాభము. తల్లిదండ్రుల సమ్మతి వ్రాతమూలమున గైకొనవలెను. చదువురానివారికి వారిభాషలోనే చదివి వినిపింపవలెను. ఒక్క రాత్రియు కొంతపగలును పట్టు ప్రయాణమునకు రైలుబాడుగయే పెద్ద వ్యయము. దానిని ప్రభుత్వము భరించుటయో, చందాలెత్తుటయో తరువాతి మాట. బరెల్లాయి చందాలతోనే మొదలిడెను.

తీరపుపిల్లలకు మేము బదులీయవలసియుండును. చూపుటకు మాకు సముద్రము లేదు గాని కుంటాల జలపాతము కలదు. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరులో నాగోబా జాతర మొదలగును. దుప్పటియు కంచమును వారు తెచ్చుకొన్నచో, పండుకొనుటకు మా యిచ్చోడ బడిలో చోటు కలదు.